కేరళ కాదు, సింహాచలమ్మ తోట

కాశీబుగ్గ నివాసిని, కీర్తిశేషులు కృష్ణారావు గారి భార్యను, టెక్కలిలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైన బమ్మిడి కళావతిని నేను. డెబ్భై మూడేళ్ళ వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. కోపంగా ఉన్నాను. కోపం వేరు, మతి తప్పడం వేరు. కోర్టువారు గమనించాలి.

నేను పుట్టింది బర్మాలో. పన్నెండో ఏట ఓడ దిగి ఉద్దానం వచ్చాను. ఉద్యోగం వచ్చిన నాటి నుంచీ ఈ నేలనే ఫోటోలు తీశాను: నౌపడ ఉప్పుమడులు, మందస జీడితోటలు, తీరం వెంట కొబ్బరి. ప్రతి బొమ్మ వెనకా ఊరి పేరు, రైతు పేరు రాశాను.

1. మా బావగారు వైకుంఠరావు గారికి: నేను కెమెరా కొన్న రోజున "బర్మా పిల్లకి మన ఇసకదిబ్బల్లో ఏటి కనిపించిందో!" అని పదిమందిలో నవ్వారు. ఆ దిబ్బను తరవాత ఆయనే రొయ్యల చెరువులకు అమ్మేశారు. దాని బొమ్మ ఫ్రేము కట్టించి ఉంచాను. ఇప్పుడు చూసుకోమనండి.

2. మనవరాలు ధరణికి నా కెమెరాలు, నెగెటివులన్నీ. తోట యజమాని పేరు అడక్కుండా ఫోటో తియ్యకూడదు.

3. కోడలు బిందుమాధవికి నా కెంపుల దుద్దులు. ఎండలో నా వెనకే నడిచి గొడుగు పట్టింది. కింద చెప్పిన విషయంలో నాకంటే ముందు మొగుడితో తగువేసుకుంది.

4. కొడుకు మహీధర్ లాడ్జి కట్టుకున్న స్థలం నా స్వార్జితం. ఆ లాడ్జి హాల్లో నేను తీసిన కొబ్బరితోట బొమ్మను గోడంత చేయించి, మీద "కేరళ అందాలు" అని రాయించాడు. ఇదేమిట్రా అంటే, "మందస అని రాస్తే ఎవడు సూత్తాడమ్మా?" అన్నాడు. నన్ను జీవితమంతా పరాయిదేశపుదానివన్న ఇంట్లో పుట్టి, సొంత నేలకు పరాయి పేరు పెట్టాడు.

అది సింహాచలమ్మ తోట. ఆమె భర్త అప్పలసూరి వేసిన చెట్లు. తిత్లీ తుఫానులో ఒక్కటీ మిగల్లేదు. మొన్న పెళ్ళికని సింహాచలమ్మ ఆ లాడ్జికి వచ్చి, బొమ్మ చూసి "ఇది మా తోట గదా!" అంటే, "కాదు పిన్నీ, కేరళ" అని మహీధర్ నవ్వాడట. నా దగ్గరకొచ్చి ఆమె అన్నది: "సూరి ఏసిన సెట్లు నాకు తెల్దేటి కళావతమ్మా? తుఫాను సెట్లు పట్టుకుపోనాది, నీ కొడుకు పేరు పట్టుకుపోనాడు."

5. కనుక, మహీధర్ ఆ బొమ్మను తన చేతులతో దించి, ఆ అక్షరాలు తీయించి, మోసుకెళ్ళి సింహాచలమ్మకు ఇవ్వాలి. మనిషిని పంపితే చెల్లదు. వాకిట్లో నిలబడి "ఇది అప్పలసూరి తోట" అని వీధంతా వినేలా చెప్పాలి. ఆమె పుచ్చుకున్నాకే నా ఎగ్జిక్యూటర్, లాయరు కామేశ్, ఆ స్థలం అతనికి రాయాలి. ఆమె నాకంటే ముందు పోతే పుచ్చుకునే హక్కు ఆమె కూతురు కళ్యాణిది. కాపీ ఇవాళే మహీధర్‌కు పంపుతున్నాను. నేనుండగానే చేస్తే ఈ షరతు తీసేసి వేరే వీలునామా రాస్తాను.

ఆమె తలుపు తియ్యకపోతే మర్నాడు మళ్ళీ వెళ్ళాలి. ఎన్నిసార్లు తిప్పుకుంటుందో ఆమె ఇష్టం. ఆమెకు నచ్చచెప్పే హక్కు ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

కాశీబుగ్గ, 18 నవంబరు 2025

(సంతకం) బమ్మిడి కళావతి

సాక్షులు:
1. సన్యాసయ్య, రిటైర్డ్ హెడ్మాస్టరు, టెక్కలి
2. హిమజ, ఎదురింటి డాక్టరు, కాశీబుగ్గ