పసుపు దంచిన ఇంట్లో రూపకాలంకారం

ఆగస్టు 5
గేయం పూర్తయింది. పదిహేనో తారీకు పోటీలో లావణ్య చేత చెప్పించాలి. యుద్ధానికి వెళ్తున్న వీరుడి మాట – "సరిహద్దే నా పెళ్లిపందిరి, మరణమే నా పెళ్లికూతురు." రాశాక నాకే ఒళ్లు గగుర్పొడిచింది. ఎన్నాళ్లకో ఒక మంచి పాదం పడింది!

ఆగస్టు 7
టెన్త్ క్లాసులో ఆ పాదమే బోర్డు మీద రాశాను. రూపకం. రెండూ వేరు కావు, ఒకటే అనడం. ఉపమ అయితే ‘వంటిది’ అంటాం, మధ్యలో కాస్త ఎడం మిగులుతుంది. లావణ్య తలెత్తకుండా రాసుకుంది. వాళ్లన్నయ్య శ్రీను మిలటరీలో ఉన్నాడుగా, మా బళ్లో చదివినవాడే. ఈ పిల్ల చెప్తే మైదానం దద్దరిల్లాలి. ఇంట్లో గొంతెత్తి ప్రాక్టీసు చెయ్యమన్నాను.

ఆగస్టు 9
వాన. లావణ్య వాళ్లమ్మ అప్పలనరసమ్మ తడుస్తూ స్టాఫ్ రూముకి వచ్చింది. చేతులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. పొద్దున్న శ్రీను పెళ్లికి పసుపు దంచారట. ముత్తైదువలు రోకళ్లు పట్టుకోగానే లోపల్నుంచి పిల్ల గొంతు... మరణమే నా పెళ్లికూతురు.
"రోకళ్లు వదిలీసేరండి అందరూ. సుభమా అని పసుపు దంచుతంటే ఆ మాటేటండి? సెలవు దొరికిందన్నాడు, ఆ తర్వాత ఫోనే కలవడం నేదు."
అది కవిత్వం అమ్మా అన్నాను.
"మీకు కవిత్వమండి. మాకు ఆడొక్కడే కొడుకు."
కోపం వచ్చింది. ఆవిడ వెళ్లాక సిగ్గేసింది.

ఆగస్టు 11
ఇంకో పాదం తట్టడం లేదు. హెడ్మాస్టరు గారు – "బాగున్న లైనే తీసీడమేటి మేడమ్? ప్రైజొస్తే దానికే వస్తాది." నాకూ ఆ ఆశ ఉంది. అందుకే మనసు కుదుట పడటం లేదు.

ఆగస్టు 13
రిహార్సల్. ఆ పాదం దగ్గర లావణ్య ఆగిపోయింది.
"టీచర్, ‘వంటిది’ అని పెట్టి సెప్పీనా? మద్దిన ఎడం ఉంటాదని మీరే సెప్పేరు కదా."
అన్నయ్యని ఆ ఎడంలో దాచుకుందామని చూస్తోంది, పిచ్చితల్లి. లయ చెడుతుందని మాత్రం అనలేదు.

ఆగస్టు 14
శ్రీను దగ్గర్నుంచి కబురు లేదు.
ఆ పాదం కొట్టేశాను. ఆ చోటు ఖాళీగానే ఉంది. రేపు అక్కడికి వచ్చాక ఆ పిల్ల ఏం చెప్పాలి?
ఒక్కసారి ఫోన్ చెయ్యి నాయనా...