నాటకానికి నీ ఎర్రంచు చీర

నందికొండ

అమ్మకు, నీ పెద్దోడు రాములు కాళ్లు మొక్కి రాస్తున్నాడు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నాయిన దగ్గుకు దవాఖానకు పోయాడా? చెల్లె ఇది చదివేటప్పుడు ఒక్క మాటా మింగొద్దని చెప్పు, దాని సంగతి నాకు తెలుసు.

నేను బాగున్నాను. డ్యాము పనిలో రాళ్లు మోయడం అలవాటైంది. ఎండకు బండలు కాలిపోతున్నాయి. వేళకు తింటున్నాను, ఫికరు పెట్టుకోకు. నీ జొన్నరొట్టె మీదికే మనసు పోతుంది. పడుకుంటే మగ్గం చప్పుడు లేక నిద్ర పట్టదు. నాయిన చల్లగా ఉండగా మీసమెందుకు తీశావని తిట్టకు, ఇక్కడ పనోళ్లం వేసే నాటకానికి తీశాను.

భార్యాబిడ్డలను అమ్ముకొని కాటికాపరి అయిన రాజు కథ నీకు తెలుసు కదా. మా ఓవర్సియరు గారు, గుంటూరు వైపాయన, దాన్ని మార్చేశారు. రాజుకు కిరీటం లేదు. డ్యాము నీళ్లలో ఊరు మునిగిన రైతు అతను. చచ్చిన కొడుకును ఎత్తుకొని కాటికి వచ్చే భార్య వేషం నాది. మొదట నా నోట పద్యం వింటే అందరికీ నవ్వే. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

చివరికి ఆయన, "పద్యాలు పక్కన పెట్టవయ్యా. మీ ఊళ్లో బిడ్డ పోతే తల్లి ఎలా ఏడుస్తుందో అలా ఏడువు" అన్నారు.

తమ్ముడు సాయిలు పోయిన రోజు నువ్వు ఏడ్చిందే నా నోట వచ్చింది. "మగ్గం గుంతల దాసుకునెటోనివి కొడుకా, గిప్పుడు ఏడ దాసుకున్నవ్ రా!" ఒక్కరూ నవ్వలేదమ్మా. ఓవర్సియరు గారు కళ్లద్దాలు తుడుచుకొని, "ఇదే ఉంచుదాం" అన్నారు.

అప్పటినుంచి నాకు భయంగా ఉంది. చిన్నప్పుడు ఆటలో ఏడుపు నటిస్తే నువ్వు నా నోరు మూశావు. "ఎవలు సచ్చిన్రని శోకం పెడుతున్నవ్ రా? ఇంటికి మంచిది కాదు" అన్నావు. అందుకే నీ మాట లేనిదే ఆ ఏడుపు జనం ముందు ఏడవను.

మన ఎల్లయ్య మామ ఊరికి వస్తున్నాడు. నీకు సమ్మతమైతే నాయిన నేసిన నీ ఎర్రంచు చీర అతని చేతికివ్వు, అది కట్టుకొని ఏడుస్తాను. చీర రాకపోతే నాకేం కోపం లేదు. నవ్వితే నవ్వనీ, పద్యమే చదువుతాను.

నాయినకు, అవ్వకు దండాలు. చెల్లెకు దీవెనలు. నన్ను చల్లగా ఉండమని దీవించు.

ఒక్క మాట. నా ఒళ్లో బిడ్డకు బదులు గుడ్డల మూట పెడతారు. దాన్ని సాయిలు అని పిలవను. ఆ పేరు నువ్వు పిలిచేదే.

నీ కొడుకు
రాములు