శీనుకి నేను వద్దన్న టీకా

మంగళవారం, ఫరీదాబాద్

పార్కులో ఈ రోజూ అదే గోల. అప్పటి కరోనా టీకాల్లో కోవిషీల్డ్ మంచిదని ఒకావిడ, కోవాక్సిన్ మంచిదని ఇంకొకావిడ, కుక్కర్ల గురించి వాదించుకున్నట్టు. ఒళ్లు మండి లేచి వచ్చేశాను.

ఆ టీకాలు వచ్చిన కొత్తలో, మా శీనుది ఆస్పత్రి ల్యాబులో పని కాబట్టి అందరికన్నా ముందే పిలిచారు. లైన్లో నిలబడి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇక్కడ కోవాక్సినే ఉందంట. వేయించుకోనా?"

"వద్దు నాన్నా. కోవిషీల్డే గట్టిదని పక్కింటి ఆంటీ చెప్పింది. అది వచ్చాక చూద్దాం, వచ్చెయ్."

"సరే డాక్టరమ్మా" అని నవ్వి వచ్చేశాడు. అది దొరికే చోటు కోసం చూస్తుండగానే రెండు నెలలు గడిచాయి. మూడో నెలలో కరోనా వచ్చి వాడు పోయాడు.

ఇవాళ సాయంత్రం బీపీ చూపించుకోవడానికి వెళ్లి, ఉండబట్టలేక నర్సుని అడిగేశాను, ఆ రెండు టీకాల్లో ఏది మంచిదని.

"కొంచెం అటూ ఇటూ అంతే ఆంటీ, రెండూ ప్రాణం కాపాడేవే. అప్పుడు ముందు ఏది దొరికితే అది వేయించుకోవాల్సింది" అంది.

నేను వద్దన్నది ఎందుకూ పనికిరాని మందని ఎవరైనా ఒక్కరు అంటారేమోనని ఇన్నేళ్లూ ఎదురుచూశాను. ఈ పిల్ల కూడా అనలేదు.