శనక్కాయల గచ్చు మీద చక్రాలు

ప్రొద్దుటూరు, ఆదివారం

మా స్కేటింగు క్లబ్బులో పిల్లోల్లూ ముసలోల్లూ అందరూ ఉండారు. తిరిగేదానికి చోటు మాత్రం ఒకటే, మిల్లులో శనక్కాయలు ఆరబోసే గచ్చు. ఈ పొద్దు మిల్లు ఓనరు తల్లి ఓబుళమ్మవ్వ అడ్డం నిలబడింది.

"గింజలు పోసే చోట చెప్పులతో తొక్కుతారంట్రా? ఇంగ రావద్దండి!"

"చెప్పులు యాడివవ్వా? చక్రాలుండాయి చూడు, ఇది బండి" అంటి. గచ్చు మీదికి బండ్లు వస్తానే ఉంటాయి కదా.

"బండైతే నన్ను ఎక్కించు."

ఆమె కాళ్లకు స్కేట్లు కట్టి, నేనూ క్లబ్బు పిల్లోడొకడూ చెరో చెయ్యి పట్టుకుని ఆ చివరిదాకా తోసుకపోతిమి.

"బండేలేరా. కొత్త బండికి పసుపు, బొట్టు పెట్టకుండా తిప్పుతాండారే!" అనె.

గచ్చు దక్కింది. దిగమంటే అవ్వ దిగలేదు, ఇంకో చుట్టు తిప్పమనె. ఎట్లుందవ్వా అంటే, "కట్టుకోని చూడు" అని నగె.

క్లబ్బులో ఇంతవరకు స్కేట్లు కట్టుకోనోన్ని నేనొక్కన్నే అని ఆమెకెట్ల తెలిసెనో...