ఎడమచేతి గిటార్

సులోచనా,

నువ్వు అంగడికెల్లి వచ్చేదాక ఆగితే రైలు పోతది. మానుకోటల అత్తమ్మకు మందులిచ్చి పొద్దూకేసరికి వస్త.

మధ్యాన్నం ధూంధాం ఆటపాటల జట్టు చందు వస్తడు. మీ సుమన్‌కని నేను చేసిన బాస్ గిటార్ ఆయనకియ్యి. ఎండల పెట్టొద్దను, దాని మెడ వంగుతది. అన్నం తినకుండ పంపకు.

సుమన్‌ది ఎడమచేతి వాటమని ఆ టేకుచెక్కను ఆ చేతికే కోసిన. చందు కుడిచేత్తోని వాయిస్తడు. అందుకే నిన్న నాలుగు తీగెలూ ఇప్పి, తిరగేసి బిగించిన. ఆఖరు తీగె బిగిస్తుంటే ఎరుకైంది నాకు, పిల్లగాడు ఇగ రాడని. పోయి నెలైనంక!

సమ్మెల బస్సులు బందున్నయని ఆ దినం దేవరుప్పుల ధూంధాంకు నా మోటర్‌సైకిల్ ఇచ్చింది నేనే. "పైలంగ పో" అన్న. "రేపటికి తీగెలెక్కియ్యి బావా" అనుకుంట పోయిండు. నేనిక్కడ తీగెలెక్కిస్తుంటెనే తొవ్వల లారీ గుద్దింది.

తాళంచెయ్యి పక్కింటి అక్క కాడున్నది.

రాజం

నెలసంది నన్ను ఒక్క మాట అనకపోతివి. అన్నం పెట్టి, అటు తిరిగి ఏడుస్తున్నవ్. ఇయ్యాల నేనొచ్చినంక, "నా తమ్మునికి బండి ఎందుకిచ్చినవ్" అని అడుగు. జర తిట్టు సులోచనా.