మా అత్త గజ్జెలు, నా చెవులు

జులై 6, ఆదివారం

రికార్డింగ్ అయింది. వెనక గదిలో మా ఆయన సురేందర్ మైకు పెట్టాడు. మా అత్త రామి తీజ్ పండుగ చివర గోధుమ మొలకలను సాగనంపే పాట పాడింది. అద్దాల లంగా, చెవుల పక్కన జడలకు వేలాడే వెండి గజ్జెలు, అన్నీ వేసుకుని వచ్చింది. చప్పుడు మైకులో పడుతుంది, గజ్జెలు తీయమని ఆయన బతిమాలాడు. గవి తీస్తే నాకు పాట రాదు పో, అంది. ఈ పాట ఏడాదికి ఒక్కసారే పాడుతుందట. మళ్లీ అడగొద్దని ముందే చెప్పింది.

తండా పాటల చానెల్ నడిపే ప్రేమ్‌సింగ్‌కు ఇది తీజ్ కంటే ముందే కావాలి. మిక్సింగ్ ఎప్పటిలాగే నాది.

జులై 8

సన్న, బొంగురు శబ్దాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్యూ ఏది వాడాలన్న దగ్గరే పొద్దంతా పోయింది. సురేందర్ కొన్నది రంగురంగులుగా ఉంటుంది, ఎక్కడ కట్ చేయాలో అదే చెబుతుంది. తండా ఆడవాళ్ల గొంతు అదెప్పుడు విన్నది? సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సాదాదే తీసుకున్నాను. నా లెక్కలో కట్ చేసింది మిగులు, పెంచింది ఖర్చు. ముందు కింది శబ్దాలను ఆపే హై పాస్ వేసి ఫ్యాన్ హోరు తీసేశాను. 300 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించాను. బిందెలో పాడినట్టున్న గొంతు బయటికి వచ్చింది.

గజ్జెలు మాత్రం వినపడటం లేదు. సన్న శబ్దాలుండే 7 కె, అంటే ఏడు వేల హెర్ట్జ్ దగ్గర పెంచాను. చాలలేదు. ఇంకా పెంచాను.

జులై 11

ప్రేమ్‌సింగ్ ఫోన్ చేశాడు. వదినా, పాట వింటాంటే చెవుల సూదులు గుచ్చినట్టున్నది, తిట్టుకోకు గని హన్మకొండ స్టూడియోల చేపియ్యాల్నా, అన్నాడు. నీ ఫోన్ స్పీకర్ బాగాలేదన్నాను. సరే తియ్ అన్నాడు. ఆ తియ్ నాకు నచ్చలేదు.

జులై 12

మా బిడ్డ మౌనిక ఇంటికి వచ్చింది, కాలేజీకి సెలవు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వెంటనే లాగేసింది. యాడీ, అమ్మా, గిది నీకు వినపడ్తలేదా, అంది. ఫోన్‌లో ఏదో టోన్ పెట్టింది. అది రెండు చెవులూ మూసుకుంది. నేను టోన్ ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నాను.

జులై 15

వరంగల్‌లో చెవుల డాక్టర్. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడితే బటన్ నొక్కమన్నారు. తర్వాత ఒక గీత గీసిన కాగితం చేతికిచ్చారు. ఆ గీత నాకు తెలిసిందే. పై శబ్దాలు కట్ చేసినప్పుడు ఈక్యూలో సరిగ్గా అట్లాగే వంగుతుంది. నేనే వేసినట్టుంది.

ఏళ్ల తరబడి పెద్ద సౌండ్‌లో హెడ్‌ఫోన్, పైగా వయసు. పోయింది తిరిగి రాదమ్మా, చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు సాఫుగా వినపడతాయి, అన్నది డాక్టర్. మరి పాటలు, అని అడిగాను. మిషన్ చెవి వేరు, మీ పనికి దాన్ని నమ్మకండి, అన్నది.

బస్సులో మౌనికతో నాయినకు చెప్పొద్దన్నాను.

జులై 16

నేనూ చెప్పలేదు.

జులై 20

చెవి లేకపోతే కన్ను ఉంది కదా అనుకున్నాను. ఎనలైజర్ తెరిచి, శబ్దం తెర మీద ఎట్లా లేస్తుందో చూస్తూ పని చేశాను. పెంచినవన్నీ సున్నాకు తెచ్చాను. అయినా 7 కె దగ్గర ముళ్లు ముళ్లుగా లేస్తున్నది. చదును చేశాను. తెర మీద అలికిన వాకిలిలా ఉంది.

ప్రేమ్‌సింగ్ ఖుషీ. ఇగ సాఫుగున్నది వదినా, శుక్రవారం చానెల్ల ఎక్కిస్త, అన్నాడు.

అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ పాటంతా విన్నది. ఎవలు పాడిన్రు పిల్లా, అని అడిగింది. నువ్వే అన్నాను. నేను గాదు, గీమె ఎవతో లంగ ఇప్పి నైటీ ఏసుకొని పాడుతాంది, అంది. మళ్లీ బియ్యంలోకి తల వంచింది.

జులై 22

ఇట్లాగే వదిలేస్తే ఎవరికీ తెలియదు. ప్రేమ్‌సింగ్‌కు నచ్చింది. పాట అత్తది, ఆమె మళ్లీ పాడదు. ఎక్కిన తర్వాత మనవరాళ్లకు మిగిలేది గజ్జెల్లేని ఆ నైటీ ఆమే.

సురేందర్‌కు చెప్పాను. గిన్ని దినాలు ఎందుకు దాసినవ్, అన్నాడు. ప్రేమ్‌సింగ్‌కు మాత్రం చెప్పకు, బజార్ల పేరు పోతది, అన్నాడు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ చేసి, నా చెవుల సంగతి చెప్పి, ఆ పేరు నేనే తీసేశాను. శుక్రవారం దాంక చూస్త వదినా, అన్నాడు.

జులై 24

అత్తను పక్కన కూర్చోబెట్టుకున్నాను. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంది, రెండో చెవి ఇంటికి కావాలట. నేను 7 కె పైకీ కిందికీ జరుపుతున్నాను. పెంచితే మూతి ముడుస్తుంది. తగ్గిస్తే, యాడికి పోయినయ్, అంటుంది. ఒకచోట నా చేతి మీద చరిచింది. ఇగ ముట్టకు, అంది.

తెర మీద చూశాను. 7 కె దగ్గర పెంచిందీ లేదు, తగ్గించిందీ లేదు. గజ్జెలు రికార్డింగ్ రోజు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. 'స' బుసకొట్టిన చోట మాత్రం, తెర చూసి వేసిన ఒక చిన్న కట్ ఉంది. నాకు వినపడని దాన్ని ఆమె మాట మీద సేవ్ చేశాను.

జులై 25

పాట ఎక్కింది. కింద మిక్సింగ్ శోభ అని నా పేరు ఉంది. వచ్చే రెండు పాటలూ హన్మకొండకు ఇచ్చానని ప్రేమ్‌సింగ్ సురేందర్‌తో అన్నాడట. నాతో అనలేదు. సురేందర్ పొద్దంతా మైకు వైర్లు చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు.

ఆగస్టు 3

డాక్టర్ దగ్గర చెవి మిషన్ ఇచ్చారు. వారం చూసి చెప్పమన్నారు. పెట్టుకుని రాస్తున్నాను.

కాగితం మీద పెన్ను చప్పుడు చేస్తున్నది. ఆపితే ఆగుతున్నది.