నార్వే కాగితం మీద నీ సంతకం

అంతర్వేది పల్లిపాలెం,
2010 జూన్ 8.

చిరంజీవి జానకిరామ్‌ని దీవించి, మీ అమ్మ చిట్టెమ్మ దగ్గర కూర్చుని చెప్పి రాయించిన ఉత్తరం.

ఇక్కడందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాం అని మాణిక్యాంబ టీచరుగారు నేను నోరు తెరవకముందే రాసేశారు. రాస్తే రాశారు. ఒళ్లు క్షేమమే, మనసులు కావు. ఫోనులో నేను రెండో మాట అనేలోగా సిగ్నల్ లేదని కట్ చేస్తున్నావు. అందుకే ఉత్తరం.

నువ్వడిగినవి ముందు చెబుతాను. నా మోకాలు అలాగే ఉంది. తుపానుకి వంటింటి రేకులు రెండు లేచిపోతే కొత్తవి వేయించాం. లోవలక్ష్మికి దగ్గు తగ్గింది. నీ పెళ్లాం గనక ఆ సంగతి మొదట అడగాల్సింది, చివర అడిగావు.

ఇక నీ కూతురి మాట. "ఏ దేశమైతే ఏంటి, ఏ కోర్సయితే ఏంటి, వీసా ఇచ్చే చోటికి పంపండి, లేదంటే సంబంధం చూడండి" అని రాశావు. నేను నమ్మక ఆ ముక్క టీచరుగారి చేత రెండుసార్లు చదివించుకున్నాను. పోర్టుబ్లెయిర్లో బోటింజన్లు బాగుచేసేవాడివి, ఏ బోల్టు పడితే ఆ బోల్టు బిగిస్తున్నావురా?

వీరవేణి చదివింది చేపల చదువు. పక్క చెరువుల్లో రొయ్యలకి తెల్లమచ్చలొచ్చి గట్టుకి కొట్టుకొస్తుంటే, ఎందుకొచ్చాయని పదేళ్లప్పుడే రైతుల్ని అడిగి విసిగించిన పిల్ల. ముందు ఇంగ్లండు ఎంచుకుంది, వీసా ఇవ్వక అది పోయింది. ఇప్పుడు ఇంగ్లండు వాళ్లు రూల్సు బిగించారట, ఆస్ట్రేలియా వాళ్లూ బిగించారట. రమ్మని పేపర్లలో బొమ్మలేసి పిలిచిందీ వాళ్లే, గుమ్మం దాకా వెళ్తే ఇక చాలంటున్నదీ వాళ్లే. భోజనానికి పిలిచి, కూర్చోబోయేసరికి ఆకు లాగేసేవాళ్లని మన పాలెంలో ఏమంటారో టీచరుగారు రాయనంటున్నారు.

నువ్వు నమ్ముకున్న రాజమండ్రి కన్సల్టెన్సీకి నేనే వెళ్లాను. టై కట్టుకున్నాయన నా నోరు తిరగని దేశమేదో చెప్పి, హోటల్ మేనేజ్‌మెంట్ అయితే నెలలో వీసా అన్నాడు. చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూస్తాం బాబూ, ఆ కాలేజీలో చదివొచ్చిన పిల్లని ఒక్కదాన్ని చూపించండి అన్నాను. "అది కొత్త కాలేజీ అండి మామ్మగారూ" అన్నాడు. కొత్తదయితే మొప్ప ఇంకా ఎర్రగా ఉండాలి కదా, చూపించడానికేం అన్నాను. నాకు మంచినీళ్లు తెప్పించాడు.

పిల్ల తనంతట తాను వెతుక్కుని నార్వేలో బెర్గెన్ అనే ఊళ్లో చేపల జబ్బుల చదువుకి సీటు తెచ్చుకుంది. అక్కడ సముద్రంలోనే వలగూళ్లు కట్టి చేపల్ని పెంచుతారట. ఖర్చు భరిస్తానని తండ్రి సంతకం చేసిన కాగితం ఈ నెలాఖరుకి అందాలి. నువ్వు చెయ్యనన్నావు. ఒకసారి అబద్ధాలు రాసి వీసా పోగొట్టుకుంది, ఇక దాన్ని నమ్మనన్నావు. ఫోను స్పీకర్లో ఉంది. ఆ మాట విని పిల్ల అన్నం ముందు నుంచి లేచిపోయింది.

అబద్ధం దానిది కాదురా. నాది.

పోయినేడు కార్తీకంలో ఇంట్లో నేనొక్కదాన్నే ఉండగా ఫోను మోగింది. వీసా ఆఫీసు అని చెప్పారో లేదో నాకు అందలేదు. ఎవరో ఆడమనిషి, తెలుగులోనే, వీరవేణిగారు ఏ దేశం వెళ్తున్నారండి, ఎప్పుడు బయల్దేరతారండి అని అడిగింది. సముద్రం మీదికి వేటకి పోయేవాణ్ణి ఎక్కడికంటే కీడని మనం అడగం, అడిగినా చెప్పం. మీ నాన్న నలభై ఏళ్లు పడవెక్కాడు. ఒడ్డున ఎవరడిగినా ఎక్కడికీ లేదనే అన్నాను, ప్రతిసారీ తిరిగొచ్చాడు. అదే నోట్లోంచి వచ్చేసింది. "ఎక్కడికీ వెళ్లట్లేదండి, ఇక్కడే ఉంటుంది" అన్నాను. పిల్లకి కీడు తగలకుండా కాపాడాననుకుని బియ్యం చెరుక్కోవడానికి వెళ్లిపోయాను.

నెల తర్వాత వీసా లేదని వచ్చిన కాగితంలో, ఇంట్లో విచారిస్తే పిల్ల ఎక్కడికీ వెళ్లడం లేదన్నారని ఉంది. అది చదివి వినిపిస్తుంటే నాకు అర్థమైంది. నోరు మూసుకున్నాను. నువ్వు దాన్ని దొంగ అన్న ప్రతిసారీ మూసుకున్నాను. పాలెంలో ఎవరి మీదికైనా లేచే నోరు, సొంతింట్లో ఆరు నెలలు పడిపోయింది. ఒక ముసలిదాని ముక్క పట్టుకుని పిల్ల బతుకు తేల్చేసిన ఆ ఆఫీసు మీద నాకు మంటగానే ఉంది. నీ మీద అంతకంటే మంట. వాళ్లకి వీరవేణి ఎవరో తెలీదు. నీకు తెలుసు.

మొన్న దానికి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. "మళ్లీ ఫోనొస్తే ఏమంటావు మామ్మా?" అంది.

"నార్వే అంటాను. బెర్గెన్ అంటాను. ఆగస్టులో అంటాను."

"భయం లేదా?"

"ఉంది. అయినా అంటాను."

నిన్న చేపల రేవులో అందరూ వినేలా ఆ మాటే చెప్పాను. బుద్ధుందా అన్నవాళ్లున్నారు.

ఇక నీ వంతు. కోపం నా మీద ఎంతైనా పెట్టుకో, సంతకం మాత్రం దాని కాగితం మీద పెట్టు. ఫోను చేసి, దొంగ అన్న మాట దానితోనే వెనక్కి తీసుకో. డెబ్బై ఏళ్లదాన్ని, మనవరాలి ముందు తప్పు ఒప్పుకున్నాను. నీకేం బరువు? నెలాఖరుకి కాగితం రాకపోతే విశాఖపట్నంలో ఓడెక్కి వచ్చి, నువ్వు పనిచేసే జెట్టీ మీదే కూర్చుంటాను.

ఇట్లు,
ముందు వీరవేణికి మామ్మ, ఆ తర్వాతే నీకు అమ్మ,
చిట్టెమ్మ వేలిముద్ర.